ఫార్మాట్ కొట్టే ముందు యాడ్‌డబ్ల్యూక్లీనర్: ఏం తీస్తుంది, ఏం వదిలేస్తుంది

క్రోమ్ తెరిస్తే ముందెన్నడూ చూడని సెర్చ్ పేజీ వస్తుంది. గూగుల్‌లో ఏదో వెతికితే అడ్రస్ బార్‌లో రెండు మూడు పేర్లు గబగబా మారి చివరికి యాహూలోనో బింగ్‌లోనో తేలుతుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చినా, సిస్టమ్ ఆపి మళ్లీ ఆన్ చేసేసరికి కథ మొదటికొస్తుంది. షాపుకి తీసుకెళ్తే "వైరస్ పట్టిందండీ, ఫార్మాట్ కొట్టేద్దాం" అంటారు. వాళ్లకు అది తేలిక. పిల్లల ఫొటోలు, టాలీ డేటా, ప్రింటర్ డ్రైవర్లు, తెలుగు ఫాంట్లు అన్నీ మళ్లీ ఎక్కించుకోవాల్సింది మాత్రం మనం. ఇలా బ్రౌజర్ సెట్టింగ్స్‌ని లాక్కునే ప్రోగ్రామ్‌ని బ్రౌజర్ హైజాకర్ అంటారు. మామూలు హైజాకర్‌కి అంత దూరం వెళ్లక్కర్లేదు. మాల్వేర్‌బైట్స్ కంపెనీ ఉచితంగా ఇచ్చే యాడ్‌డబ్ల్యూక్లీనర్, దానికి తోడు చేత్తో చేసుకోవాల్సిన కొన్ని పనులు చాలు. ఆ చేతి పనుల గురించి ఎవరూ చెప్పకపోవడం వల్లే "ఆ టూల్ వాడాం, పని చేయలేదు" అన్న మాట తరచుగా వినిపిస్తుంది.

ఈ టూల్‌ని ఎక్స్‌ప్లోడ్ అనే మారుపేరున్న డెవలపర్ 2011లో మొదలుపెట్టాడు. 2016లో మాల్వేర్‌బైట్స్ కొనేసింది. ఇన్‌స్టాల్ చేసే పని లేదు. చిన్న ఫైలు, డబుల్ క్లిక్ చేస్తే నడుస్తుంది. విండోస్‌కి మాత్రమే. ఇది యాంటీవైరస్ కాదు, వెనకాల కూర్చుని కాపలా కాయదు. డిస్కులో ఉన్న ప్రతి ఫైలునీ తిరగేయదు కూడా. యాడ్‌వేర్ (అడగని ప్రకటనలు చూపించే ప్రోగ్రాములు), టూల్‌బార్లు, హైజాకర్లు ఎక్కడెక్కడ చేతులు పెడతాయో ఆ చోట్లే చూస్తుంది: రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు), సర్వీసులు, షెడ్యూల్ చేసిన టాస్కులు, డెస్క్‌టాప్ షార్ట్‌కట్లు, క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ ప్రొఫైళ్లు, ఏ సైటు పేరు ఏ అడ్రస్‌కి వెళ్లాలో రాసి ఉండే హోస్ట్స్ ఫైలు. అందుకే గంటలు పట్టదు, కొన్ని నిమిషాల్లో ముగుస్తుంది.

మన సెర్చ్ అంతా తిరిగి తిరిగి చివరికి యాహూ, బింగ్ దగ్గర ఎందుకు ఆగుతుందో తెలిస్తే తర్వాతి పనులు సులువుగా అర్థమవుతాయి. హైజాకర్ పెట్టినవాడికి మన ఫైళ్లతో పని లేదు. మన వెతుకులాటని తన లింకుల గుండా నడిపించి, ప్రకటనల కమీషన్ తీసుకుని, ఆ తర్వాత అసలు సెర్చ్ ఇంజిన్‌కి అప్పగిస్తాడు. కాబట్టి యాహూ ఓపెన్ అవుతోందని యాహూని తిట్టుకోవడం దండగ. మన సెర్చ్ సెట్టింగ్ తన చేతిలో ఉన్నంతకాలమే వాడికి డబ్బు. అందుకే ఆ సెట్టింగ్ మనం మార్చిన వెంటనే తిరిగి పెట్టే ఏర్పాటు ఇంకోచోట దాచిపెడతాడు. ఇది చిన్న వ్యాపారం కూడా కాదు. 2017లో చెక్ పాయింట్ అనే సైబర్ భద్రతా సంస్థ బయటపెట్టిన ఫైర్‌బాల్ అనే హైజాకర్ విషయంలో ఆ సంస్థ లెక్క ప్రకారం ప్రపంచవ్యాప్తంగా 25 కోట్ల కంప్యూటర్లు, అందులో ఎక్కువ మన దేశంలోనే, సుమారు 2.5 కోట్లు. ఆ అంకె మరీ ఎక్కువని మైక్రోసాఫ్ట్ వాదించింది, అది వేరే సంగతి.

ముందుగా డౌన్‌లోడ్ గురించి. హైజాక్ అయిన బ్రౌజర్‌లోనే "యాడ్‌డబ్ల్యూక్లీనర్" అని వెతకడం దొంగనే దారి అడగడం లాంటిది. ఆ సెర్చ్ ఫలితాలు వాడు చూపించేవి. ఈ పేరుతో నకిలీ టూల్స్ గతంలో వచ్చాయి. స్కాన్ చేసినట్టు నటించి, తీసేయాలంటే డబ్బు కట్టమంటాయి. అసలుది ఎప్పుడూ డబ్బు అడగదు. వేరే కంప్యూటర్‌లో మాల్వేర్‌బైట్స్ సైటు అడ్రస్ స్వయంగా టైప్ చేసి దింపుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ చూస్తే మాల్వేర్‌బైట్స్ పేరు కనబడాలి. ఆ ట్యాబే లేకపోతే ఆ ఫైలు నడపొద్దు.

స్కాన్ కొట్టే ముందు రెండు పనులు చేయాలి, ఎవరూ చేయరు. మొదటిది, క్రోమ్‌లో సింక్ ఆపడం. ఎక్కువమంది తడబడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి. క్రోమ్‌లో గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయి సింక్ ఆన్‌లో ఉంటే, ఎక్స్‌టెన్షన్లు, సెర్చ్ ఇంజిన్, స్టార్టప్ పేజీ అన్నీ గూగుల్ సర్వర్‌లోనూ ఒక కాపీ ఉంటాయి. టూల్ కంప్యూటర్‌లో శుభ్రం చేస్తుంది. క్రోమ్ తెరవగానే సర్వర్‌లోని పాత కాపీ కిందికి దిగుతుంది. మళ్లీ స్కాన్ చేస్తే అవే ఎంట్రీలు కనబడతాయి. స్కాన్ చేసిన ప్రతిసారీ క్రోమియం అనే విభాగంలో అదే పేరు వస్తుంటే తప్పు టూల్‌ది కాదు, సింక్‌ది. కాబట్టి ముందు సింక్ ఆపండి. బుక్‌మార్కులు, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. శుభ్రం చేయడం పూర్తయ్యాక గూగుల్ అకౌంట్‌లోని క్రోమ్ సింక్ పేజీకి వెళ్లి డేటా డిలీట్ చేసి, అప్పుడు మళ్లీ సింక్ ఆన్ చేయండి. ఎక్స్‌పోర్ట్ చేయకుండా ఆ డిలీట్ బటన్ జోలికి వెళ్లొద్దు, అక్కడి పాస్‌వర్డ్‌లు కూడా పోతాయి. అదే అకౌంట్ ఇంట్లో ఇంకో ల్యాప్‌టాప్‌లో ఉంటే అక్కడా సింక్ ఆపి, అక్కడా శుభ్రం చేయాలి. లేదంటే అది మళ్లీ పైకి పంపిస్తుంది. పాస్‌వర్డ్‌ల ఫైలు ఎవరైనా తెరిచి చదవగలిగే మామూలు ఫైలు. పని అయ్యాక దాన్ని డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.

రెండోది, సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ అయిన యాప్‌ల జాబితా తీసి తేదీ వారీగా పేర్చడం. గొడవ మొదలైన రోజున చేరినవి పైనే ఉంటాయి. పీడీఎఫ్ కన్వర్టర్, డ్రైవర్ అప్‌డేటర్, వీడియో డౌన్‌లోడర్, మీరెప్పుడూ పేరు వినని "వెబ్ కంపానియన్" తరహావి. వాటిని మామూలుగా అన్ఇన్‌స్టాల్ చేయండి. చేస్తున్నప్పుడు "సెర్చ్ సెట్టింగ్స్ అలాగే ఉంచాలా" అని టిక్ పెట్టి ఉన్న ప్రశ్న అడుగుతాయి, ఆ టిక్ తీసేయండి.

ఇక టూల్. తెరిస్తే స్కాన్ నౌ అనే నీలం బటన్. నొక్కితే ఏం దొరికాయో జాబితా వస్తుంది. చాలా పేర్లు "పీయూపీ ఆప్షనల్" అని మొదలవుతాయి. అంటే వైరస్ అని కాదు, అక్కర్లేని ప్రోగ్రామ్ అని. ఇరవై, ముప్పై కనబడినా కంగారు పడక్కర్లేదు, ఒకే టూల్‌బార్ రిజిస్ట్రీలో పది చోట్ల పెట్టిన ముక్కలు పది లైన్లుగా వస్తాయి. జాబితా ఒకసారి చదవండి. మీరు కావాలని పెట్టుకున్న ప్రోగ్రామ్ పేరు కనబడితే దాని టిక్ తీసేయండి. తర్వాతి తెరలో ప్రీఇన్‌స్టాల్డ్ సాఫ్ట్‌వేర్ అని వేరే జాబితా వస్తుంది. హెచ్‌పీ, లెనోవో, డెల్ వాళ్లు ల్యాప్‌టాప్‌తో పాటే ఇచ్చినవి అవి. వాటికి టిక్ ఉండదు, మీరూ పెట్టొద్దు. కీబోర్డు మీది బ్రైట్‌నెస్, వాల్యూమ్ బటన్లు పని చేయడానికి కావాల్సినవి కూడా అందులో ఉండొచ్చు. హైజాకర్‌కి, వాటికి సంబంధం లేదు.

క్వారంటైన్ నొక్కగానే తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నీ మూసేస్తానని హెచ్చరిస్తుంది. నిజంగానే మూసేస్తుంది. టైప్ చేస్తున్న అర్జీ, టాలీ ఎంట్రీ ముందే సేవ్ చేసుకోండి. తర్వాత రీస్టార్ట్. తీసినవి వెంటనే పోవు, సి డ్రైవ్‌లో టూల్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో క్వారంటైన్‌గా ఉంటాయి. పక్కనే లాగ్స్ ఫోల్డర్‌లో ప్రతి స్కాన్‌కి, ప్రతి క్లీనింగ్‌కి ఒక్కో టెక్స్ట్ ఫైలు. మొదటి స్కాన్ ఎస్ సున్నా సున్నా, మొదటి క్లీనింగ్ సి సున్నా సున్నా. ఏదైనా పని చేయడం మానేస్తే ఆ లాగ్ చూసి, టూల్‌లోనే క్వారంటైన్ పేజీలో ఆ ఒక్కదాన్నీ రిస్టోర్ చేయొచ్చు. ఉచిత టూల్స్‌లో ఇంత పద్ధతిగా వెనక్కి ఇచ్చేవి తక్కువ.

బేసిక్ రిపేర్ అని సెట్టింగ్స్‌లో కొన్ని స్విచ్‌లున్నాయి. అన్నీ ఒకేసారి ఆన్ చేసేయమని కొందరు సలహా ఇస్తారు. అది సరికాదు. ప్రాక్సీ (మన నెట్‌ని మధ్యలో ఇంకో సర్వర్ గుండా పంపే సెట్టింగ్) రీసెట్, హోస్ట్స్ రీసెట్, క్రోమ్ పాలసీల రీసెట్, ఈ మూడూ హైజాకర్ కేసులో నిజంగా ఉపయోగపడేవి. విన్‌సాక్ (విండోస్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఒక భాగం) రీసెట్ ఇంటర్నెట్ అసలు రాకుండా పోయినప్పుడు మాత్రమే, దాని తర్వాత కొన్ని వీపీఎన్ ప్రోగ్రాములు మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి రావచ్చు. ఫైర్‌వాల్ రీసెట్ చేస్తే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ని ఇంకో సిస్టమ్‌తో కలపడానికి పెట్టుకున్న రూల్స్ పోతాయి. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ప్రాక్సీ, పాలసీ స్విచ్‌లు ముట్టుకోవద్దు. అవి మీ ఆఫీసు ఐటీ వాళ్లు పెట్టినవే. అన్నట్టు, ఫొటో స్టూడియోల్లో, డీటీపీ సెంటర్లలో హోస్ట్స్ ఫైల్లో లైసెన్స్ తనిఖీని అడ్డుకునే కొన్ని "ప్రత్యేకమైన" లైన్లు ఉంటాయని అందరికీ తెలుసు. రీసెట్‌తో అవీ పోతాయి, తర్వాత సాఫ్ట్‌వేర్ లైసెన్స్ అడిగితే టూల్‌ని నిందించొద్దు.

ఇంతవరకు టూల్ పని. ఇప్పుడు అది తరచుగా వదిలేసేవి.

క్రోమ్ మెనూ అడుగున "మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్" అని ఇంటి కంప్యూటర్‌లో కనబడితే అనుమానించాలి. ఇంటికి ఐటీ డిపార్ట్‌మెంట్ ఎక్కడిది? కంపెనీల కోసం గూగుల్ పెట్టిన పాలసీ ఏర్పాటుని హైజాకర్ వాడుకుంటుంది. అడ్రస్ బార్‌లో క్రోమ్://పాలసీ అని ఇంగ్లిష్‌లో కొట్టి చూడండి. ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్ అనే లైన్ ఉంటే, దాని ఎదురుగా 32 అక్షరాల గుర్తింపు ఉంటుంది. అదే ఆ ఎక్స్‌టెన్షన్ ఐడీ, రిమూవ్ బటన్ లేకుండా చేసేది ఇదే. యాడ్‌డబ్ల్యూక్లీనర్‌లో పాలసీ రీసెట్ స్విచ్ ఆన్ చేసి ఉంటే మామూలుగా పోతుంది. పోకపోతే రన్ బాక్సులో రెజ్‌ఎడిట్ తెరిచి, లోకల్ మెషీన్ కిందా, కరెంట్ యూజర్ కిందా రెండు చోట్ల సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్ వరుసలో వెళ్లి క్రోమ్ అనే కీ చూడండి. ముందు ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకుని ఆ తర్వాతే డిలీట్. ఎడ్జ్‌కి ఇదే వరుస, గూగుల్ బదులు మైక్రోసాఫ్ట్ కింద ఎడ్జ్. ఒక జాగ్రత్త: కొన్ని అసలైన యాంటీవైరస్‌లు కూడా పాలసీ పెడతాయి, కాబట్టి ఆ లైన్లో ఏముందో చదవకుండా తుడిచేయొద్దు.

డిలీట్ చేసినా రీస్టార్ట్ తర్వాత మళ్లీ వచ్చిందా? అయితే ఎక్కడో ఒక షెడ్యూల్డ్ టాస్క్ బతికే ఉంది. టూల్ ఎక్కువగా తనకు తెలిసిన పేర్లతో టాస్కుల్ని పట్టుకుంటుంది, కొత్త హైజాకర్లు ప్రతి సిస్టమ్‌లో కొత్త పేరు పెట్టుకుంటాయి. 2022లో వెలుగులోకి వచ్చిన క్రోమ్‌లోడర్ దీనికి మంచి ఉదాహరణ. క్రాక్ చేసిన గేమ్, సినిమా అని చెప్పి ఐఎస్ఓ ఫైలు (డిస్కు కాపీ లాంటిది) ఇచ్చి, లోపలికి వచ్చాక పవర్‌షెల్‌ని (విండోస్‌లో కమాండ్లు నడిపే ప్రోగ్రాము) నడిపే టాస్క్ పెట్టి, దాని ద్వారా ఎక్స్‌టెన్షన్‌ని మళ్లీ మళ్లీ ఎక్కిస్తుంది. టాస్క్ షెడ్యూలర్ తెరిచి, లైబ్రరీ ఫోల్డర్‌లో పైవరసలో ఉన్న టాస్కులు ఒక్కొక్కటీ చూడండి. యాక్షన్స్ ట్యాబ్‌లో పవర్‌షెల్ లేదా డబ్ల్యూస్క్రిప్ట్, దాని వెనక అర్థం కాని పొడవాటి అక్షరాల వరస ఉందా? లేక యాప్‌డేటా ఫోల్డర్‌లోని పిచ్చి పేరున్న ఫైలు ఉందా? అదే. వెంటనే డిలీట్ చేయకుండా ముందు డిసేబుల్ చేయండి, రీస్టార్ట్ చేసి చూసి, సమస్య పోయిందని తేలాక తీసేయండి. గూగుల్ అప్‌డేటర్, వన్‌డ్రైవ్, గ్రాఫిక్స్ కార్డు పేర్లతో ఉన్న టాస్కులు కూడా అక్కడే ఉంటాయి, వాటి యాక్షన్ ప్రోగ్రామ్ ఫైల్స్ లోపలికి చూపిస్తుంటే వదిలేయండి. వన్‌డ్రైవ్ లాంటివి కొన్ని యాప్‌డేటాలోనే ఉండొచ్చు, భయపడొద్దు.

షార్ట్‌కట్ కూడా చూడండి. క్రోమ్ ఐకాన్ ప్రాపర్టీస్‌లో టార్గెట్ అనే గడి చివర క్రోమ్ డాట్ ఈఎక్స్ఈ దగ్గర ఆగాలి. తర్వాత వెబ్‌సైటు అడ్రస్ ఉంటే దాన్ని చెరిపేయండి. ప్రొఫైల్ డైరెక్టరీ అని ఉంటే మాత్రం అది క్రోమ్ తనకు తాను పెట్టుకున్నదే. డెస్క్‌టాప్‌ది ఒకటి, టాస్క్‌బార్‌ది ఇంకొకటి, రెండూ చూడాలి.

ఇవయ్యాక క్రోమ్‌లో రీసెట్ సెట్టింగ్స్. బుక్‌మార్కులు, హిస్టరీ, పాస్‌వర్డ్‌లు పోవు. ఎక్స్‌టెన్షన్లు తీసేయదు, ఆపేస్తుంది అంతే. కాబట్టి అక్కర్లేనివి మీరే రిమూవ్ చేసి, కావాల్సినవి ఒక్కొక్కటిగా ఆన్ చేయండి. ఫైర్‌ఫాక్స్‌లో దీనికి రిఫ్రెష్ ఫైర్‌ఫాక్స్ అనే బటన్ ఉంది, దాన్ని వాడితే ఎక్స్‌టెన్షన్లు పూర్తిగా పోతాయి. క్రోమ్‌లోనే ఉండే క్లీన్ అప్ కంప్యూటర్ అనే ఆప్షన్ కోసం వెతకొద్దు, 2023లో గూగుల్ తీసేసింది. పాత వీడియోల్లో ఇంకా చూపిస్తున్నారు.

మూలన పాప్-అప్ వచ్చి "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లున్నాయి" అంటుంటే అది హైజాకరే కాకపోవచ్చు. ఏదో సైటులో "అలో" నొక్కి ఉంటారు, క్రోమ్ నోటిఫికేషన్ల జాబితాలో ఆ సైటు పేరు తీసేస్తే చాలు. యాడ్‌డబ్ల్యూక్లీనర్‌తో దీనికి పని లేదు. ఇంట్లో ఫోను, టీవీ, కంప్యూటర్ అన్నింటిలోనూ ఒకేసారి తప్పుడు సైట్లు తెరుచుకుంటుంటే అనుమానం రౌటర్ మీద. ఈ టూల్ రౌటర్‌ని చూడదు. రౌటర్ పేజీలో డీఎన్ఎస్ (సైటు పేరుకి అడ్రస్ చెప్పే సర్వర్) అడ్రసులు మీ ఇంటర్నెట్ కంపెనీవేనా అని అడిగి సరిచూసుకుని, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. రౌటర్ స్టిక్కర్ మీద ఉన్న పాస్‌వర్డే ఏళ్ల తరబడి నడుస్తున్న ఇళ్లే ఎక్కువ.

మిగతా టూల్స్‌తో పోలిస్తే? మాల్వేర్‌బైట్స్ అసలు ప్రోగ్రాము డిస్కులోని ఫైళ్లని లోతుగా వెతుకుతుంది, హైజాకర్‌ని తెచ్చిన ఇన్‌స్టాలర్ ఎక్కడో పడి ఉంటే అదే పట్టుకుంటుంది. పెట్టగానే 14 రోజుల ప్రీమియం ట్రయల్ మొదలవుతుంది, అయ్యాక ఉచిత స్కానర్‌గా మిగులుతుంది. యాడ్‌డబ్ల్యూక్లీనర్ తర్వాత ఒకసారి దానితో స్కాన్ చేయడం మంచిది. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ కూడా ఉచితమే, కానీ దింపిన 10 రోజులకు గడువు ముగుస్తుంది, ఫుల్ స్కాన్‌కి గంటలు పడుతుంది, హైజాకర్ చెడగొట్టిన బ్రౌజర్ సెట్టింగ్స్ మీద దానికి అంత పట్టు లేదు. భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులోనూ ఉచిత టూల్స్ దొరుకుతాయి. హైదరాబాద్‌లోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ వాళ్లు చేసిన బ్రౌజర్ జేఎస్‌గార్డ్ అక్కడిదే. అయితే అది చెడు పేజీల నుంచి హెచ్చరించేది, పట్టిన హైజాకర్‌ని పీకేది కాదు.

లోపాలు లేకపోలేదు. తెలుగు లేదు. ఫలితాల్లో పేరు చూపిస్తుంది గానీ అది ఏం చేస్తుందో వివరించదు, కొత్తవాళ్లకు జాబితా చూసి నిర్ణయించుకోవడం కష్టం. క్రోమ్ సింక్ గురించి హెచ్చరిస్తే సగం ఫిర్యాదులు తగ్గేవి. విండోస్ 7 మీద నడుస్తున్న నెట్ సెంటర్ సిస్టమ్‌లకి ఏ టూల్ అయినా తాత్కాలికమే, ఆ విండోస్‌లో క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయింది. అయినా ఇంటి కంప్యూటర్‌కి, దీనికోసం వెచ్చించే సమయానికి, 5కి 4 ఇవ్వొచ్చు.

ఇది చాలని చెప్పలేని కేసు ఒకటుంది. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌ని, యాంటీవైరస్ ఆపి మరీ నడిపి ఉంటే, దానితో పాటు పాస్‌వర్డ్‌లు దోచే ప్రోగ్రాము కూడా వచ్చి ఉండొచ్చు. అప్పుడు షాపువాళ్ల ఫార్మాట్ సలహాయే సరైనది. ముందుగా ఫోనులోంచి జీమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని పరికరాల్లోంచి లాగౌట్ కొట్టండి. డబ్బు పోయిందని తేలితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అంతా సర్దుకున్నాక విండోస్ సెక్యూరిటీలో యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్, అందులో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్ తెరిచి, పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. బ్లాక్ యాప్స్, బ్లాక్ డౌన్‌లోడ్స్ రెండింటికీ టిక్ ఉండాలి. రెండోది ఎడ్జ్‌కి మాత్రమే వర్తిస్తుంది. ఒక వారం చూసి ఏదీ చెడిపోలేదని నమ్మకం కుదిరాక, యాడ్‌డబ్ల్యూక్లీనర్ సెట్టింగ్స్‌లోని అన్ఇన్‌స్టాల్ బటన్ నొక్కితే క్వారంటైన్‌తో సహా దానంతట అదే వెళ్లిపోతుంది. ఆ ఫైలుని దాచి ఏడాది తర్వాత వాడొద్దు, అవసరమైనప్పుడు కొత్తది దింపుకోండి.